మూకచిత్రములు: పాఠనిర్ణయము, రసనిర్ణయము

ఒక కావ్యముయొక్క గుణదోషములను విచారించుటకు ముందు దాని పాఠమును నిర్ణయింపవలయు ననుట పండితులకుఁ గ్రొత్తమాట కాదు. వ్రాయసకాని ప్రమాదమువలనఁ గలిగిన పదమును గవిప్రయోగముగా నెంచి శ్లాఘించుటయు, ప్రక్షిప్తపద్యమును జూచి కవిని దూషించుటయు సమానదోషములే. పుణెలోని భాండార్కర్ ప్రాచ్యపరిశోధనసంస్థవారు 1919లోఁ బ్రారంభించి 1966 నాఁటికి మూలభాగమును ముగించిన మహాభారత సంశోధితముద్రణమునకు నీ దోషపరిహారమే ప్రయోజనము. పోతనామాత్యుని భాగవతమును జదువువారు పంచమస్కంధము గంగన కృతమనియు, షష్ఠము సింగన కృతమనియు, నేకాదశద్వాదశములు వెలిగందల నారయ కృతములనియు నెఱిఁగి చదువుదురు. ఎఱుఁగక చదివినవాఁడు పోతన శైలిని గుఱించి చెప్పుమాట నమ్మఁదగినది కాదు.

ఇట్టి జాగరూకత నవీనమైన చలనచిత్రకళకును నావశ్యకమని తలఁచువా రరుదు. 1895 డిశెంబరులో లూమియేర్ సోదరులు పారిస్ నగరమునఁ జూపిన కదలుబొమ్మలు మొదలుకొని, 1927 తరువాత మాటలచిత్రములు ప్రబలువఱకు వెలువడిన మూకచిత్రములలోఁ గొన్నింటిపట్ల లోకమున నొక విశేషాభిమానము కలదు. జనసామాన్యము మఱచినను, గొలఁదిమంది వానిని మరల మరలఁ జూచుచు, నొక్కొక్క దృశ్యమును వల్లెవేయుచు, నుపాస్యవస్తువులవలెఁ గాపాడుకొందురు. పాశ్చాత్యులు వీనిని కల్ట్ చిత్రము లందురు. భయానకాద్భుతబీభత్సములే తఱుచుగా వీని యందలి ప్రధానరసములు. ఈ యభిమానులు తమ కిష్టమైన చిత్రమును గుఱించి వ్రాయునపుడు నటనను, వెలుఁగునీడల కూర్పును, దర్శకుని ప్రతిభను విపులముగా వర్ణింతురు. కాని తాము చూచిన ప్రతి యేది, యది యెవరిచేత ఖండింపఁబడినది, యెచ్చట దొరకినది యనుదానిని దఱుచుగాఁ జెప్పరు. తత్ఫలముగా దర్శకునకుఁ జెందవలసిన ప్రశంస కత్తెరకును, గత్తెరకుఁ జెందవలసిన నింద దర్శకునకును జెందుచున్నవి.

మూకచిత్రముల పాఠము చెడుటకుఁ గల కారణములు తాళపత్రములు చెడుటకుఁ గల కారణములఁ బోలినవే. ఆనాఁటి నైట్రేటు ఫిల్ము శీఘ్రముగా నంటుకొనును. అంటుకొననిచోఁ గాలక్రమమున జిగటయై, పొడియై నశించును. పరదేశములకుఁ బంపుటకై పెక్కుచిత్రములకు రెండవ నెగెటివును వేఱుగాఁ దీయుచుండిరి. అందు నటుని చూపును, కెమెరా యుండు చోటును గూడ భేదించును. సంభాషణమును దెలుపు నక్షరఫలకములను బ్రతిదేశమువారును దమ భాషలో వ్రాసికొనుచు, నొక్కొక్కప్పుడు పాత్రల పేరులనే మార్చుచుండిరి. పరీక్షాధికారులు ఖండింపఁగా మిగిలినదానిని బ్రదర్శకులు నిడివి తగ్గించుటకై మఱల ఖండించుచుండిరి. వేగము సైతమొక పాఠభేదమే. కెమెరాను జేతితోఁ ద్రిప్పు కాలమున సెకనునకు 16 గాని, 18 గాని, 20 గాని బొమ్మలు పడుచుండెను. మాటలచిత్రములకై యేర్పడిన 24 బొమ్మల వేగమున నా ఫిల్మునే త్రిప్పినపుడు పాత్రలు గెంతుచున్నట్లు తోఁచును. పాతచిత్రములలోని నటులు తోలుబొమ్మలవలె నెగురుదురను పరిహాసమునకుఁ గారణము నటులు కారు, యంత్రము.

మూర్నౌ దర్శకత్వమున 1922 మార్చి 4వ తేదిని బెర్లినులోఁ బ్రథమముగాఁ బ్రదర్శితమైన నోస్ఫెరాటు చిత్రము దీనికిఁ జక్కని నిదర్శనము. బ్రామ్ స్టోకర్ 1897లోఁ బ్రకటించిన డ్రాక్యులా నవలను ననుమతి లేకయే గ్రహించి, పేరులు మార్చి, హెన్రిక్ గాలీన్ యీ కథను గూర్చెను. స్టోకరు భార్య న్యాయస్థానమున కెక్కెను. 1925లో జర్మను న్యాయస్థానము నెగెటివును, బ్రతులను నాశము చేయవలసినదని తీర్పు చెప్పెను. అప్పటికే పరదేశములకుఁ బోయిన ప్రతులు దక్కుటచేతనే చిత్రము బ్రదికినది. అట్లు బ్రదికి లోకమున వ్యాపించిన ప్రతులలోఁ బెక్కింట రంగు పోయి నలుపుతెలుపులే మిగిలినవి.

రంగు పోవుట చిన్నలోపము కాదు. ఆకాలమున రాత్రిదృశ్యములను సైతము పగటివెలుఁగునఁ దీసి, పిదప ఫిల్మునకు నీలివన్నె పట్టించుట యాచారము. నీలము రాత్రికిని, పసుపు దీపపువెలుఁగునకును, గులాబివన్నె తెల్లవాఱుటకును సంకేతములు. రంగు పోయిన ప్రతిలో, మాక్స్ ష్రెక్ ధరించిన ఓర్లాక్ ప్రభువు తన శవపేటికను జంకఁ బెట్టుకొని పట్టపగలు వీథివెంట నడచును. కాని కథాంతమున వాఁడు సూర్యకిరణము సోఁకినంతనే పొగయై మాయమగును. ఈ మరణము మూలనవలలో లేదు. అందు డ్రాక్యులా పగలును సంచరింపఁగలఁడు. చిత్రకర్తలు కల్పించిన యీ యంశమే తరువాతి రక్తపిశాచచిత్రములకు సంప్రదాయమైనది. నలుపుతెలుపు ప్రతిని మాత్రమే చూచినవాఁడు, తమ కల్పనను దామే మఱచిన మందమతులని చిత్రకర్తల నాక్షేపించిన నది సహజమే. కాని యా పూర్వాపరవిరోధము కర్తది కాదు, ప్రతిది. పారిస్ నగరపు సినిమా భాండాగారమునందలి 1922 నాఁటి రంగుప్రతి యాధారముగా 2006లో సిద్ధమైన పరిష్కరణమున నా వీథి నీలిచీఁకటిలో మునిఁగియున్నది, విరోధము తొలఁగినది. భయానకమునకు నుద్దీపనవిభావమైన రాత్రియే పాఠమునుండి జాఱిపోయినపుడు రసపరిపోషము కొఱవడినదని తీర్మానించుట తొందరపాటు.

రాబర్ట్ వీనె దర్శకత్వమున 1920 ఫిబ్రవరి 26వ తేదిని బెర్లినులో వెలువడిన కాలిగరీ చిత్రమునందలి సమస్య వేఱువిధమైనది. ఇది యాహార్యాభినయమునకుఁ బరాకాష్ఠ. హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ అను మువ్వురు గోడలను, గిటికీలను, వీథులను వంకరలుగాఁ దీర్చి, వెలుఁగునీడలను గూడఁ గుంచెతోనే వ్రాసిరి. ఫ్రాన్సిస్ అను యువకుఁడు కథ చెప్పును. సంతలో వినోదము చూపు కాలిగరీ యను వృద్ధుఁడు, నిద్రలో నడచు చెజారె యనువానిచేత హత్యలు చేయించుచున్నాఁడు. వెంటాడిచూడఁగా నా కాలిగరీ పిచ్చివారి వైద్యశాలకే యధికారియై యున్నాఁడు. చిత్రాంతమునఁ గథ చెప్పిన ఫ్రాన్సిసే యా వైద్యశాలలోని రోగియని తేలును.

ఈ యుపక్రమోపసంహారములు రచయితలవి కావనియు, హాన్స్ యానోవిట్స్, కార్ల్ మాయర్ అను రచయితలు నిరంకుశాధికారమును గర్హించుటకై వ్రాసిన కథను నిర్మాతలు పిచ్చివాని మాటగా మార్చి నిర్వీర్యము చేసిరనియు నొక వాదము చిరకాలము ప్రమాణమై యుండెను. యానోవిట్స్ చెప్పినదానిని నమ్మి జీగ్‌ఫ్రీడ్ క్రాకవర్ 1947లోఁ బ్రకటించిన ప్రసిద్ధగ్రంథమున నీ వాదమును స్థాపించెను. జర్మనీ ప్రజ హిట్లరునకు లోఁబడుటకుఁ బూర్వసూచనలను మూకచిత్రములలో వెదకిన యా గ్రంథమునకుఁ గాలిగరీ చిత్రమే పేరునందు సైతము నిలిచినది. కాని కాలిగరీ పాత్రధారియైన వెర్నర్ క్రౌస్ దాఁచుకొనిన మూలరచన 1978లో జర్మను సినిమా భాండాగారమునకుఁ జేరి, 1995లో ముద్రితమయ్యెను. అందుఁ గూడ నొక యుపక్రమ మున్నది. అయితే యది పిచ్చివాని కథనము కాదు. ఫ్రాన్సిస్ తన ప్రేయసితో సుఖముగా నున్న కాలమున నతిథులకుఁ బూర్వవృత్తాంతమును జెప్పుట. కావున క్రాకవర్ వాదము సగము నిలిచినది, సగము కూలినది. ఉపక్రమము నిర్మాతలు చేర్చినదనుట తప్పు. పిచ్చివాఁడను మలుపు మూలరచనలో లేదనుట యొప్పు. దీనికిఁ దోడు చిత్రమునందలి యంతరసాక్ష్యము వేఱొకటి కలదు. వంకరలోకము పిచ్చివాని చూపు మాత్రమే యైనచోఁ, గథ ముగిసి నిజలోకమునకు వచ్చినపుడు గోడలు నిటారుగా నిలువవలెను. అట్లు నిలువలేదు, వైద్యశాల ముంగిలి యప్పుడును వంకరరేఖలతోనే యున్నది. ఎవరు పిచ్చివారో చిత్రము తుదివఱకుఁ దేల్చలేదు. గ్రంథకర్త జ్ఞాపకముకంటె గ్రంథము బలవత్తరప్రమాణమని పరిశోధకు లెఱిఁగినదే.

ఫ్రిట్స్ లాంగ్ నిర్మించిన మెట్రొపొలిస్ చిత్రము ఖండితపాఠమున కుదాహరణము. 1927 జనవరి 10వ తేదిని బెర్లినులోఁ బ్రదర్శితమైనపుడు దాని నిడివి 4,189 మీటరులు. కొలఁదికాలములోనే యమెరికాకుఁ బంపుటకై చానింగ్ పొలక్ అను నాటకకర్తచేత నది ఖండింపఁబడి, మార్పఁబడెను. జర్మనీలోఁ గూడఁ బిమ్మట ఖండితప్రతియే నడచినది. అట్లు పోయినవానిలో హెల్ అను స్త్రీవృత్తాంత మొకటి. రోట్వాంగ్ అను యంత్రశిల్పి ప్రేమించిన హెల్, నగరాధిపతియైన ఫ్రెడర్సనును బెండ్లాడి, కుమారుని గని మరణించినది. ఆమెను మఱవలేక రోట్వాంగ్ యంత్రస్త్రీని నిర్మించెను. ఆంగ్లభాషలో నరకమను నర్థమిచ్చు పదమును బోలియుండుటచే హెల్ అను పేరు నమెరికాప్రతి విడిచినది. పేరుతోఁ గూడ వృత్తాంతమును బోయినది. తరువాత చిత్రమును జూచినవారికి రోట్వాంగ్ కారణము లేని కోపముగల యొక యున్మత్తశిల్పిగా మాత్రమే కనఁబడెను. పాత్రపోషణము చాలదని విమర్శకులు లాంగునకు నారోపించిన దోషమునకు మూల మిదియే. 1984లో జార్జియో మొరోడర్ రంగులు చేర్చి, పాటలు గూర్చి, సుమారు 80 నిమిషములకుఁ గుదించిన ప్రతి క్రొత్త యభిమానులను సంపాదించినదేకాని, పోయిన భాగమును దేలేకపోయినది.

2008లో నర్జెంటీనా దేశపు బ్వేనోస్ ఐరెస్ నగరమునందలి సినిమా ప్రదర్శనశాలలో 16 మిల్లీమీటరుల చిన్నఫిల్మున దీర్ఘప్రతి యొకటి బయల్పడినది. దాని సాహాయ్యమున సుమారు 25 నిమిషముల భాగము చేరి, 2010 ఫిబ్రవరిలోఁ బరిష్కృతచిత్రము బెర్లినులోఁ బ్రదర్శితమయ్యెను. దృశ్యముల క్రమమును నిర్ణయించుటలో గాట్‌ఫ్రీడ్ హుప్పర్ట్స్ కూర్చిన సంగీతపు వ్రాఁతప్రతి పరిష్కర్తలకుఁ దోడ్పడినది. ఇందు వారు చూపిన సంయమము కొనియాడఁదగినది. క్రొత్తగా దొరకిన భాగములపై గీఁతలు దట్టముగా నున్నవి. వానిని బూర్తిగా మఱుఁగుపఱచుట సాధ్యము కాలేదు. ఇప్పటికిని దొరకని ఘట్టములను వేఱువిధమగు నక్షరములతోఁ గూడిన ఫలకములచేత సూచించిరి, కల్పించి పూరింపలేదు. నన్నయ విడిచిన యారణ్యపర్వశేషమును బూరించుట కెఱ్ఱాప్రెగ్గడవంటి మహాకవి కధికార మున్నది, పరిష్కర్తకు లేదు. గ్రంథపాతమును గ్రంథపాతముగాఁ జూపుటయే వాని ధర్మము.

డ్రేయర్ నిర్మించిన జోన్ ఆఫ్ ఆర్క్ చిత్రముయొక్క చరిత్ర నన్నెచోడుని కుమారసంభవ చరిత్రమును దలపించును. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లోఁ బ్రకటించుదాఁక నా కావ్యమును బండితలోక మెఱుఁగదు. డ్రేయర్ చిత్రము 1928 ఏప్రిలులోఁ గోపెన్‌హాగెను నగరమునఁ బ్రదర్శితమైనది. పారిస్‌లో మతాధికారుల యభ్యంతరమువలనను, బ్రభుత్వపరీక్షకులవలనను ఖండనములకు లోనైనది. ఆ సంవత్సరము డిశెంబరులో బెర్లినునందు మూలనెగెటివు దగ్ధమయ్యెను. డ్రేయర్ తాను విడిచిపెట్టిన తునుకలనుండియే మఱియొక చిత్రమును గూర్చెను. అదియు 1929లో నగ్నిపాలయ్యెనని తలఁచిరి. 1951లో నీ రెండవకూర్పు ఫిల్ము ఫ్రాన్సులోఁ గానవచ్చి, లో డూకా యనువానిచేత బారోక్ సంగీతముతోడను, మాఱిన యక్షరములతోడను వెలువడినది. కర్త దాని నొప్పుకొనలేదు. కాని లోకము చిరకాలము దానినే చూచినది. 1981లో నార్వేదేశపు ఆస్లో నగరముచెంత నొక మానసికవైద్యశాలలోని సామానుల యఱలో, డేనిష్ భాషాఫలకములతోఁ గూడిన ప్రథమపాఠము ఖండనములు లేక దొరకినది. 1968లో మరణించిన డ్రేయర్ ఆ సంగతి నెఱుఁగఁడు.

ఈ చిత్రమున ఫాల్కనెట్టి యభినయము సాత్త్వికాభినయమునకు లక్ష్యముగాఁ జూపఁదగినది. 1431 నాఁటి న్యాయవిచారణమే కథ. ముఖములకు రంగు పూయలేదు. కెమెరా ముఖమునకు మిక్కిలి చేరువనుండి చూచును. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభంగము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అను నెనిమిదింటిలో స్వరభంగ మొక్కటియే మూకచిత్రమునకు దుర్లభము. తక్కిన భావములు కంటికి గోచరించునవే. కంపించు పెదవియు, నిలిచిపోయిన చూపును స్వరభంగమును సైతము స్ఫురింపఁజేయును. వాచికము లేని లోపమును సాత్త్వికము పూరింపఁగలదనుటకు నింతకంటె నిదర్శనము వలదు. ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. ప్రథమపాఠము దొరకినంతమాత్రమున రెండవకూర్పు ప్రక్షిప్తము కాదు; అదియుఁ గర్తృహస్తకృతమే. దానిపైఁ బెఱవారు చేర్చిన సంగీతమును, నక్షరములును మాత్రమే త్యాజ్యములు. కర్తృకృతపాఠములు రెండున్నపుడు రెంటిని వేఱువేఱుగాఁ జూపవలెనేకాని కలుపరాదు.

కల్ట్ చిత్రాభిమానమునకును బాఠభేదమునకును గల సంబంధము బెంజమిన్ క్రిస్టెన్సెన్ నిర్మించిన హెక్సన్ (మంత్రగత్తెలు) చిత్రమునఁ దేటతెల్లమగును. 1922 సెప్టెంబరులో స్టాక్‌హోమునఁ బ్రదర్శితమైన యీ చిత్రము సగము శాస్త్రోపన్యాసము, సగము కథ. మొదటిభాగమునఁ బ్రాచీనచిత్రపటములను జూపుచు దయ్యములపై నమ్మకముల చరిత్ర చెప్పఁబడును. పిమ్మట మధ్యయుగమున మంత్రగత్తెలని యనుమానింపఁబడిన స్త్రీల యాతన కన్నులకుఁ గట్టినట్లు చూపఁబడును. తుదిభాగమున నాధునికవైద్యులు మనోవ్యాధియని చెప్పుదానితో దానికిఁ బోలిక చూపఁబడును. దయ్యమువేషము దర్శకుఁడే ధరించెను. అతఁడే 1941లోఁ దన చిత్రమును మఱల విడుదల చేయుచుఁ దానే తెరపైకి వచ్చి పీఠిక చెప్పెను. 1968లో నాంటొనీ బాల్చ్ దీనిని 77 నిమిషములకుఁ గుదించి, రచయిత విలియం బరోస్ కంఠమునఁ గథనమును, డానియెల్ ఉమేర్ కూర్చిన జాజ్ సంగీతమును జేర్చెను. ఆ దశాబ్దపు యువజనులలోఁ బెక్కురకుఁ బరిచితమైనది యీ ప్రతియే. మూలమున వృద్ధస్త్రీని బ్రశ్నించు ఘట్టము కరుణమును బుట్టించును. ఆ పాత్ర ధరించిన ముదుసలి తనకు దయ్యముపైఁ గల నమ్మకమును దర్శకునితోఁ జెప్పెనని తెలుపు నక్షరఫలకము మూలచిత్రమునఁ గలదు. అది చదివినవానికి గతకాలపు మూఢత్వమును జూచి నవ్వు హక్కు తనకుఁ గలదాయను శంక కలుగును. జాజ్ సంగీతపు చుఱుకుఁదనమున నా శంక నిలువదు. బీభత్సము హాస్యమున కంగమగును.

రసము సహృదయునియందే నిష్పన్నమగుననియు, మాఱిన ప్రతిని జూచి యానందించినవాని యానందము మిథ్య కాదనియు నొక యాక్షేపము రావచ్చును. ఆనందము సత్యమే. 1968 నాఁటి ప్రతి తన కాలమునకుఁ జెందిన యొక క్రొత్తకృతిగాఁ బరిశీలింపఁదగినదే. కాని యా యానందమునకుఁ గారకుఁడు క్రిస్టెన్సెన్ అని చెప్పుట సత్యము కాదు. ఆస్వాదము వేఱు, కర్తృత్వనిర్ణయము వేఱు. వాడుకలోని పాఠము చరిత్రకుఁ బ్రమాణము కావచ్చును. కర్తయొక్క ప్రతిభకుఁ బ్రమాణము కాఁజాలదు.

అభిమానులను నిందించుటయు నిచ్చట నుద్దేశము కాదు. చిత్రములు బ్రదికినది పెక్కుసారులు వారి వలననే. పాఠము చెడినను వస్తువు దక్కినచోఁ బరిష్కరణమున కాశ యుండును. వస్తువే పోయినచోఁ జేయఁగలది లేదు. భారతదేశపు మూకచిత్రములలో నధికభాగ మిట్లు పోయినదే. రఘుపతి వెంకయ్యగారి కుమారుఁడు ప్రకాశ్ 1921లో నిర్మించిన భీష్మప్రతిజ్ఞను బేరుగాఁ దప్ప నేఁటివా రెఱుఁగరు. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమువంటి సంకలనగ్రంథమున నుదాహృతములైన పద్యములచేతనైనఁ గొన్ని లుప్తకావ్యముల రుచి తెలియును. లుప్తచిత్రమున కట్టి సంకలనకర్తయు లేఁడు. మలయాళదేశమున సి. వి. రామన్ పిళ్ల నవల ననుసరించి 1933లో వెలువడిన మార్తాండవర్మ మూకచిత్రముపై నవలా ప్రకాశకులు వ్యాజ్యెము తెచ్చి ప్రదర్శనము నాపించిరి. వారియొద్దనే నిలిచిపోయిన ప్రతి 1974లోఁ బుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారమునకుఁ జేరినది. గ్రంథస్వామ్యపు వ్యాజ్యెమే యొకచోట నోస్ఫెరాటును దహింపఁజూచినది, వేఱొకచోట మార్తాండవర్మను గాపాడినది.

కాఁబట్టి మూకచిత్రములను జూడఁగోరువాఁడును, వానిని గుఱించి వ్రాయఁగోరువాఁడును మూఁడు నియమములను బాటింపవలెను. చూచిన ప్రతి యే సంవత్సరపు పరిష్కరణమో మొదటఁ జెప్పవలెను. రంగు, వేగము, సంగీతము, నక్షరఫలకములు, దృశ్యక్రమము అను నైదింటిలోఁ గర్తృకృతమేది, పరకృతమేది యని విడఁదీయవలెను. లుప్తమైనదానిని లుప్తమనియే చెప్పి, దాని లోపమును గర్తపై మోపకుండవలెను. ఈ మూఁడును నెఱవేఱిన పిమ్మటఁ గాలిగరీయందలి యాహార్యమును, ఫాల్కనెట్టియందలి సాత్త్వికమును, ఓర్లాక్ నీడయందలి భయానకమును నెంత ప్రశంసించినను నా ప్రశంస చేరవలసినవారికే చేరును.